ఆరేళ్ల యువైటిస్: కన్ను ఎర్రబడలేదు, నొప్పి లేదు, కానీ ముగ్గు గీత వంగుతోంది

ముగ్గులమ్మాయి (పెరంబూరు, చెన్నై) · డిసెంబరు 29, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను. రాయడం ఇదే మొదటిసారి.

నాకు నలభై ఒక్క ఏళ్లు. పుట్టింది కావలి దగ్గర పల్లెలో, పెళ్లయ్యాక పెరంబూరులో స్థిరపడ్డాం. ఎడమ కంట్లో ఆరేళ్లుగా యువైటిస్, అంటే కంటి లోపలి వాపు, ఉంది. మొదటి రెండేళ్లు వస్తూ పోతూ ఉండేది. కన్ను ఎర్రబడేది, వెలుతురు చూడలేకపోయేదాన్ని, కనుబొమ్మ వెనక మొండి నొప్పి. చుక్కల మందు వేసుకుంటే పది పదిహేను రోజుల్లో తగ్గేది. తరవాత ఎర్రబడడం కూడా మానేసింది. ఇక తగ్గినట్టే అనుకున్నాను. రోజుకు ఒక చుక్క వేసుకుంటూ కాలం గడిపేశాను. డాక్టరుకు చూపించుకుని ఏడు నెలలు దాటింది.

ధనుర్మాసం కదా, తెల్లవారుజామునే వాకిట్లో ముగ్గు పెడుతున్నాను. మొన్న పదిహేను చుక్కల ముగ్గు, సందు చుక్క, ఎనిమిది వచ్చేవరకు. చుక్కలు పెట్టి లేచేసరికి గాలికి కుడి కంట్లో పిండి పడింది. ఆ కన్ను మూసుకుని ఎడమ కంటితోనే చూశాను. నడిమి వరుసను ఎవరో బొటనవేలితో నొక్కినట్టు కిందికి జారి ఉంది. మధ్యలో రెండు చుక్కలు లేనే లేవు. కన్ను కడుక్కుని కుడి కంటితో చూస్తే రెండూ ఉన్నాయి, వరుస తిన్నగా ఉంది. మళ్ళీ ఎడమ కంటితో చూశాను. మళ్ళీ వంగింది. వీధిలైటు కింద అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

కన్ను తెల్లగా ఉంటే లోపల కూడా బాగున్నట్టు కాదా? ఈ వాపు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు చివరికి చూపు ఏమవుతుంది? మా వారు సంక్రాంతి వెళ్లాక ఆసుపత్రికి పోదాం అంటున్నారు.

గూడూరు_పాసింజరు · డిసెంబరు 29, రాత్రి 9.34

అమ్మా, పండగ దాకా ఆగవద్దు. రేపే వెళ్లండి. ఇంతకుముందు ఇచ్చిన కాగితాలన్నీ తీసుకుని వెళ్లండి. నా సంగతి తరవాత రాస్తాను.

సన్న_వెలుగు (మైలాపూరు) · డిసెంబరు 29, రాత్రి 10.52

ముప్పై ఒక్క సంవత్సరాలు కంటి ఆసుపత్రుల్లో పరీక్షలు చేసే ఉద్యోగం చేసి విరమించుకున్నాను. డాక్టరును కాను కనుక మందులు చెప్పను. చూసినదాన్నిబట్టి నాలుగు మాటలు రాస్తాను.

ముగ్గులమ్మాయి గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు: కాదు. కన్ను తెల్లగా ఉన్నంతమాత్రాన లోపల బాగున్నట్టు కాదు. కంటికి మూడు పొరలు. బయటిది తెల్లగుడ్డు, లోపలిది రెటీనా, నడిమి పొర యూవియా. లాటిన్‌లో ద్రాక్షపండును చెప్పే మాట నుంచి వచ్చింది ఆ పేరు. పై పొర ఒలిచి చూస్తే అది నల్లద్రాక్షలా ఉంటుందట. కంటికి రక్తం చాలామటుకు ఆ పొర గుండానే వెళుతుంది. ఆ పొర వాపే యువైటిస్. దాని ముందు భాగం వాస్తే కన్ను ఎర్రబడుతుంది, నొప్పి పెడుతుంది, మనిషి పరుగున ఆసుపత్రికి వస్తాడు. మధ్యలోనో వెనకనో వాస్తే బయటికి ఏమీ కనిపించకపోవచ్చు. నా అనుభవంలో చూపు ఎక్కువగా పోగొట్టుకున్నది ఈ రెండో రకం వాళ్లే. వాళ్లను పరుగెత్తించే నొప్పి లేదు.

మీరు చెప్పిన లక్షణం వింటే నాకు మొదట తోచేది రెటీనా నడుమ నీరు చేరడం. రెటీనా మధ్యలో ఆవగింజంత చోటు ఉంటుంది. చదవడం, సూదిలో దారం ఎక్కించడం, ఎదుటి మనిషి ముఖం పోల్చుకోవడం అంతా దానితోనే. వాపు వల్ల చుట్టుపక్కల సన్నటి రక్తనాళాలు కారితే ఆ నీరు అక్కడ పూరేకుల ఆకారంలో అరలు అరలుగా నిలుస్తుంది. దాన్ని సిస్టాయిడ్ మాక్యులర్ ఎడీమా అంటారు. దీర్ఘకాలపు యువైటిస్‌లో చూపు తగ్గడానికి ముఖ్యమైన కారణాల్లో ముందు చెప్పుకోవలసింది ఇదే. నేల ఉబ్బితే దాని మీద గీసిన గీత వంకర పోయినట్టు, రెటీనా ఉబ్బితే తిన్నని గీత వంగి కనిపిస్తుంది. ఆసుపత్రిలో దీనికోసం అమ్‌స్లర్ అనే స్విస్ వైద్యుడి పేరు మీద ఒక గళ్ల కాగితం ఇస్తారు. ఒక్కొక్క కన్నే మూసి చూడమంటారు. మీ ముగ్గు ఆ పరీక్షే చేసింది.

ఓసీటీ అనే స్కానింగు తీయించుకోండి. నొప్పి ఉండదు, గడ్డం ఆనించి కూర్చుంటే నిమిషాల్లో అయిపోతుంది. నీరు ఉందో లేదో అందులో తేలిపోతుంది. నా ఊహ తప్పయితే అంతకంటే సంతోషం లేదు.

వేళచేరి_నాన్న · డిసెంబరు 30, ఉదయం 5.15

నిద్ర పట్టక ఈ చర్చ చదివాను. "కన్ను తెల్లగా ఉంటే" అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయాను.

మా పాపకు నాలుగేళ్లప్పుడు మోకాలు వాచింది. పొద్దున లేవగానే కుంటుతూ నడిచేది, పది గంటలకల్లా మామూలుగా ఆడుకునేది. పిల్లల కీళ్లవాతం అన్నారు. కీళ్ల డాక్టరు మందు రాస్తూనే ఇంకో మాట చెప్పారు: "ఈ రకం కీళ్లవాతం ఉన్న చిన్న ఆడపిల్లలకు, అందులోనూ ఏఎన్ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చినవాళ్లకు, కంట్లో చప్పుడు లేకుండా వాపు వస్తుంది. మూడు నెలలకోసారి కంటి పరీక్ష తప్పనిసరి." రెండుసార్లు తీసుకెళ్లాం. బాగుందన్నారు. మూడోసారి నా ఆఫీసు పని, నాలుగోసారి వానలు. పాప కళ్లు ముత్యాల్లా తెల్లగా ఉన్నాయి. ఒక్కసారి కూడా కన్ను నలుపుకోలేదు. టీవీ దగ్గరికి జరిగి కూర్చుంటే పిల్లలందరూ అంతే కదా అనుకున్నాం.

ఒకటో తరగతిలో బడిలో కంటి పరీక్ష చేసి చీటీ పంపారు. కుడి కన్ను పైనుంచి రెండు వరుసలు కూడా చదవలేకపోతోంది. ఆసుపత్రిలో డాక్టరు నన్ను కూడా కంటి పరీక్ష యంత్రంలోంచి చూడమన్నారు. గుండ్రంగా ఉండాల్సిన కనుపాప కొరికిన అప్పడం అంచులా ఉంది. లోపలి వాపు జిగురుకు కనుపాప చుట్టూ ఉన్న పొర వెనక కటకానికి అక్కడక్కడా అతుక్కుపోయిందన్నారు. నల్లగుడ్డు మీద అడ్డంగా సున్నం పూసినట్టు ఒక పట్టీ. అది నిజంగానే సున్నమట, కాల్షియం పేరుకున్నది. కటకంలో శుక్లం మొదలైంది. అవన్నీ ఒక్క రోజులో వచ్చినవి కావు. పాప మా మధ్యే తిరుగుతుండగా, అన్నం తింటుండగా, నా ఒళ్లో పడుకుని ఉండగా వచ్చాయి.

ఇప్పుడు పాపకు తొమ్మిదేళ్లు. వారానికోసారి మెథోట్రెక్సేట్, పదిహేను రోజులకోసారి అడాలిముమాబ్ ఇంజెక్షను. రెండూ రోగనిరోధక శక్తిని తగ్గించి వాపును అణిచే మందులు. ఈ రెండూ కలిపి ఇస్తే పిల్లలకు బాగా పనిచేస్తుందని బ్రిటన్‌లో 90 మంది పిల్లల మీద చేసిన పరిశోధన 2017లో వెలువడింది. ఫలితం అంత స్పష్టంగా ఉండడంతో కొత్తవాళ్లను చేర్చుకోవడం ముందే ఆపేశారట. నాకది మా డాక్టరు చెప్పారు. సున్నపు పట్టీని ఒక మందుతో కరిగించి తీసేశారు. శుక్లానికి ఆపరేషను వాపు పూర్తిగా అణిగి ఉన్నప్పుడే చేశారు. కుడి కన్నుతో ఇప్పుడు బోర్డు మీది పెద్ద అక్షరాలు చదువుతుంది. ఎడమ కన్ను దేవుడి దయవల్ల బాగుంది.

అక్కా, మీరు ఈరోజే వెళ్లండి. మీ వారికి నా రాత చూపించండి.

ముగ్గులమ్మాయి · డిసెంబరు 30, రాత్రి 8.05

వేళచేరి తమ్ముడూ, నువ్వు రాసింది మా వారికి చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు. లేచి చొక్కా వేసుకున్నారు. పొద్దున ఎనిమిదికల్లా ఆసుపత్రిలో ఉన్నాం.

సన్న వెలుగు గారు చెప్పినదే. ఓసీటీలో రెటీనా నడుమ మందం 486 మైక్రాన్లు వచ్చింది. మామూలుగా 300 లోపు ఉండాలట. ఆ బొమ్మ నాకు చూపించారు. నడుమ పల్లంగా ఉండాల్సిన చోట గుట్ట, గుట్టలో నల్లటి బుడగలు. చూపు 6/24 (కింది అంకె పెరిగేకొద్దీ చూపు తగ్గినట్టు). ఏడు నెలల కిందటి చీటీలో 6/9 అని ఉంది. శుక్లం కూడా మొదలైంది, కటకం వెనక వైపున. రెండు చోట్ల అతుకులు. "ముందు భాగంలో కణాలు 0.5+" అని రాశారు. అంత తక్కువ ఉంటే ఇంత నష్టం ఎలా జరిగిందో నాకు అర్థం కాలేదు. రక్త పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష రాశారు. ఆరేళ్ల కిందట చేశారు కదా అంటే మళ్ళీ కావాలన్నారు.

సన్న_వెలుగు · డిసెంబరు 30, రాత్రి 9.40

కణాల లెక్క గురించి చెబుతాను. పెంకుటింటి కప్పులో సందు ఉంటే ఎండపొడ దిగుతుంది చూడండి, అందులో దుమ్ము రేణువులు తేలుతూ కనిపిస్తాయి. పరీక్ష చేసే యంత్రం కూడా అంతే. ఒక మిల్లీమీటరు వెడల్పు, ఒక మిల్లీమీటరు ఎత్తు ఉన్న వెలుగును కంటి ముందు గదిలోకి పంపి, అందులో తేలే తెల్లకణాలను లెక్కపెడతారు. ఒకటి నుంచి అయిదు ఉంటే 0.5+. ఆరు నుంచి పదిహేను ఉంటే 1+. యాభై దాటితే 4+. పలు దేశాల నిపుణులు కూర్చుని ఈ కొలతను ఒకే తీరుకు తెచ్చారు, 2005లో అది వెలువడింది. అది ముందు గది లెక్క మాత్రమే. వెనక ఇంటి సంగతి దానితో తేలదు. ముందు గదిలో నాలుగు కణాలే ఉండి రెటీనా నీటితో నిండి ఉండవచ్చు.

పరీక్షలు మళ్ళీ ఎందుకంటే, ఇకమీదట ఇచ్చే మందులు ఒంట్లోని రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. లోపల టీబీ దాగి ఉంటే అది విజృంభిస్తుంది. పైగా మన ప్రాంతంలో టీబీ స్వయంగా యువైటిస్‌కు ఒక కారణం. సూక్ష్మజీవి వల్ల వచ్చిన వాపుకు దానికి తగిన మందు ఇవ్వకుండా స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే చేటు. 1993 చివర వరదలు వచ్చాక, 1994లో మదురై ప్రాంతంలో ఒక్కసారిగా ఎందరికో యువైటిస్ వచ్చింది. చివరికి తేలింది లెప్టోస్పైరోసిస్ అని, ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా వచ్చే జబ్బు. కనుక మీ డాక్టరు ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబు చెప్పండి. నడుము పట్టేస్తుందా, నోట్లో పుండ్లు వస్తాయా, చెవిలో మోత ఉందా, ఇంట్లో పిల్లి ఉందా అని అడిగితే విసుక్కోవద్దు. ప్రతి ప్రశ్న వెనక ఒక జబ్బు ఉంది.

సంధ్యారాగం (తరమణి) · డిసెంబరు 31, మధ్యాహ్నం 1.20

చెవిలో మోత దగ్గర నా కథ ఉంది. ముప్పై మూడేళ్లప్పుడు వారం రోజులు తలనొప్పి, రెండు చెవుల్లో హోరు, ఎనిమిదో రోజుకు రెండు కళ్లకూ మసక. వోగ్ట్ కొయనాగి హరాడా జబ్బు అన్నారు. చర్మానికి రంగునిచ్చే కణాల మీద ఒళ్లే దాడి చేస్తుందట. కంట్లో, చెవిలో, చర్మంలో ఆ కణాలు ఉంటాయి కనుక అన్నీ కలిసి దెబ్బతింటాయి. తొందరగా పెద్ద మోతాదులో స్టెరాయిడ్లు ఇవ్వడంతో చూపు తిరిగి వచ్చింది. కనురెప్పల వెంట్రుకలు కొన్ని తెల్లబడ్డాయి. మందులు నెమ్మదిగా తగ్గిస్తూ ఏడాదిన్నర వాడాను. నడుమ ఒకసారి నాకు నేనే తొందరగా తగ్గించుకుంటే జబ్బు తిరగబెట్టింది. రంగులు ఇప్పుడు కాస్త వెలిసినట్టు కనిపిస్తాయి. మా అమ్మ కట్టుకున్న ముదురు ఆకుపచ్చ చీరను నలుపు అనుకుంటాను. చదవగలుగుతున్నాను, ఉద్యోగం చేస్తున్నాను.

రామాపురం_వాసి · జనవరి 3, రాత్రి 7.30

అక్కా, శుక్లం ఉందన్నారు కదా. మా మామయ్యకు ఉచిత శిబిరంలో శుక్లం తీశారు, మర్నాటికల్లా పేపరు చదివాడు. మీరూ ఆపరేషను చేయించుకుంటే ఒక్క దెబ్బకు పోతుంది కదా. మా అమ్మమ్మ అయితే ముసురు తేనె ఒక చుక్క వేస్తే కంటి పొరలు కరుగుతాయని చెప్పేది. ఖర్చు లేనిది, ప్రయత్నించి చూడండి.

సన్న_వెలుగు · జనవరి 3, రాత్రి 8.02

తమ్ముడూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ రెండూ చేయకూడనివే.

మీ మామయ్య శుక్లం వయసుతో వచ్చింది. ఆ కంట్లో వాపు లేదు. యువైటిస్ ఉన్న కంటిలో ఆపరేషనే ఒక గాయం. వాపు కనీసం మూడు నెలలు పూర్తిగా అణిగి ఉంటేనే చాలామంది డాక్టర్లు కత్తి పట్టుకుంటారు. ముందూ వెనకా అదనంగా మందులు వేస్తారు. మంట మీద ఉన్న కంటిలో కటకం మారిస్తే, అమర్చిన కొత్త కటకం మీద కూడా వాపు కణాలు పేరుకుంటాయి, రెటీనాలో నీరు పెరుగుతుంది. పైగా ఈమెకు చూపు తగ్గింది ముఖ్యంగా ఆ నీటివల్ల. శుక్లం తీసినా ముగ్గు వంకరగానే కనిపిస్తుంది.

తేనె, ఉల్లిరసం, చనుబాలు ఇవేవీ కంట్లో వేయవద్దు. వాటిలో సూక్ష్మజీవులు ఉంటాయి. నల్లగుడ్డు మీద పుండు పడి వచ్చినవాళ్లను నేను నా చేతులతో పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను.

రామాపురం_వాసి · జనవరి 3, రాత్రి 8.11

తెలియక రాశాను, మన్నించండి. అక్కా, ఏదీ వేయకండి.

ముగ్గులమ్మాయి · ఫిబ్రవరి 12, సాయంత్రం 6.45

టీబీ లేదని తేలింది. జనవరి 9న కంటి లోపల చిన్న స్టెరాయిడ్ గుళిక పెట్టారు. సన్నటి పెన్సిలు ముల్లు ముక్కంత ఉంటుందట, 0.7 మిల్లీగ్రాముల మందు, కొన్ని నెలల పాటు కొద్దికొద్దిగా కరుగుతుంది. మత్తు చుక్కలు వేశారు కనుక నొప్పి తెలియలేదు, ఎవరో గట్టిగా వేలితో నొక్కినట్టు మాత్రం అనిపించింది. నెల తరవాత 318 మైక్రాన్లు! ముగ్గులో మాయమైన రెండు చుక్కల్లో ఒకటి తిరిగి వచ్చింది. ఏడ్చాను.

కానీ కంటి ఒత్తిడి 31కి పెరిగింది. 21 దాటకూడదట. ఒత్తిడి తగ్గించే చుక్కలు రెండు రకాలు రాశారు. నాకు ఏమీ తెలియడం లేదు, నొప్పి లేదు. ఒక చేత్తో చూపు ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటున్నారా అని భయంగా ఉంది. ఈ చుక్కలు అంత అవసరమా?

గూడూరు_పాసింజరు · ఫిబ్రవరి 12, రాత్రి 10.30

అమ్మా, అవసరం. ఇక నా సంగతి రాయవలసిన వేళ వచ్చింది.

నాకు యాభై రెండేళ్లు. గూడూరు నుంచి రైల్లో చెన్నైకి పాతికేళ్లుగా వస్తూ పోతూ ఉన్నాను, బట్టల వ్యాపారం. ఇరవై తొమ్మిదో ఏట మొదటిసారి కన్ను ఎర్రబడింది. మందుల షాపులో కళ్లకలక అని చుక్కలిచ్చారు. మూడు రోజులైనా పుసులు లేవు, దురద లేదు, వెలుతురు చూస్తే కంట్లో సూది దించినట్టు. నాలుగో రోజు డాక్టరు దగ్గరికి వెళితే కళ్లకలక కాదన్నారు. "పొద్దున లేచేసరికి నడుము పట్టేసి, నడిస్తే సడలుతుందా?" అని అడిగారు. ఆరేళ్లుగా అదే బాధ, మూటలు మోసినందుకని అనుకున్నాను. హెచ్ఎల్ఏ బీ27 అనే పరీక్ష పాజిటివ్. వెన్నెముక వాతం. నా నడుము జబ్బును మొదట కనిపెట్టింది కంటి డాక్టరే.

తరవాత ఏటా ఒకటి రెండు సార్లు, ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. మందు పేరు తెలిసిపోయింది కదా. చీటీ లేకుండానే కొనేవాణ్ని. ఎర్రబడుతుందేమో అన్న అనుమానంతో రోజూ రెండు చుక్కలు వేసుకుని బండెక్కేవాణ్ని. ఇలా రెండేళ్లు. కన్ను హాయిగా ఉండేది. ఒకరోజు సెంట్రల్ స్టేషన్లో ఎడమవైపు నుంచి వస్తున్న సామాన్ల బండి నాకు కనిపించలేదు. తగిలి పడ్డాను. అదే నెలలో మళ్ళీ ఒక స్తంభం. పరీక్ష చేస్తే ఒత్తిడి 38. నీటికాసులు, అంటే గ్లాకోమా. స్టెరాయిడ్ చుక్కలు అందరికీ ఒత్తిడి పెంచవు. సుమారు ముగ్గురిలో ఒకరికి పెంచుతాయట. ఆ ఒకడిని నేను. పెరుగుతున్నప్పుడు ఒక్క క్షణం కూడా నొప్పి తెలియలేదు.

ఎడమ కన్ను పక్కచూపు పోయింది. కంటి నరం తీగలు ఎండిపోతే తిరిగి రావు. నీళ్ల పైపులోంచి చూసినట్టు ఎదుట ఉన్నది మాత్రమే కనిపిస్తుంది. నలభై నాలుగో ఏట శుక్లం, అది తీయించుకున్నాను, అది చిన్న విషయం. పోయింది ఆ పక్కచూపు.

మీకు ఒత్తిడి కొలిచారు, పట్టుకున్నారు, మందు ఇచ్చారు. మీ కంటి నరం ఇంకా బాగుంది. నాకు రెండేళ్లు ఎవరూ కొలవలేదు, నేను కొలిపించుకోలేదు కనుక. ఆ చుక్కలు ఒక్కపూట కూడా మానకండి తల్లీ.

సన్న_వెలుగు · ఫిబ్రవరి 13, ఉదయం 7.00

అన్న చెప్పినదానికి చిన్న చేర్పు. తెల్లగా పాలలా ఉండే స్టెరాయిడ్ చుక్కల సీసాను వేసుకునే ముందు బాగా కదిలించాలి. మందు అడుగున పేరుకుని ఉంటుంది. కదిలించకపోతే మొదటి వారమంతా నీళ్లు వేసుకుంటారు, చివరి వారం మందు ముద్ద. వేసుకున్నాక కన్ను మూసి ముక్కు వైపు మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచండి. ఒక మందుకూ ఇంకో మందుకూ అయిదు నిమిషాల ఎడం. స్టెరాయిడ్ మాత్రలు గాని చుక్కలు గాని చెప్పినట్టు మెట్టుమెట్టుగా తగ్గించాలి, ఒక్కసారిగా ఆపకూడదు.

ముగ్గులమ్మాయి · మార్చి 4, రాత్రి 9.25

ఒత్తిడి 17. గూడూరు అన్నయ్యా, మీకు చెప్పాలని ఆత్రంగా వచ్చాను.

గుళిక కరిగిపోతే వాపు మళ్ళీ వస్తుందని, ఇలా ఎన్ని పెట్టినా శుక్లం, ఒత్తిడి పెరుగుతాయని, ఒంటి లోపలి నుంచే అణచాలని మెథోట్రెక్సేట్ మొదలుపెడదామన్నారు. మందుల షాపులో అబ్బాయి "ఇది క్యాన్సర్ మందు కదమ్మా" అన్నాడు. మాత్రలు బీరువాలో పెట్టాను. మూడు రోజులైంది, ఇంకా వేసుకోలేదు.

వేళచేరి_నాన్న · మార్చి 4, రాత్రి 9.50

అక్కా, మా పాప ఆరో ఏటి నుంచి వేసుకుంటోంది. క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదు వేరు, కంటికి, కీళ్లకు ఇచ్చేది చాలా తక్కువ. ఒక్కటి మాత్రం ప్రాణం పెట్టి గుర్తుంచుకోండి: వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మేము ఆదివారం అని పెట్టుకున్నాం. క్యాలెండరులో ఎర్రసిరాతో గుర్తు పెడతాం, వేశాక పాపే కొట్టివేస్తుంది. డాక్టరు చెప్పిన రోజుల్లో ఫోలిక్ ఆమ్లం మాత్ర. కాలేయం, రక్తకణాల పరీక్షలు వాళ్లు చెప్పిన గడువుకు తప్పకుండా చేయించాలి. గర్భం దాల్చే ఆలోచన ఉన్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. జ్వరం వచ్చినా, నోట్లో పుండ్లు వచ్చినా తరువాతి మోతాదుకు ముందు అడగాలి.

పాత_మద్రాసు (టీ నగర్) · మార్చి 5, ఉదయం 6.30

నేను ఇక్కడ వినడానికే వస్తుంటాను. మా ఆవిడకు ఈ జబ్బు. ఆ మందు పేరు విని ఒక మాట చెప్పాలనిపించింది.

అమ్మా, ఆ మందు వెనక మనవాడు ఉన్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో భీమవరంలో పుట్టారు. వైద్యం చదివింది ఈ ఊళ్లోనే, మద్రాసు వైద్య కళాశాలలో. గాంధీగారి పిలుపు విని ఖద్దరు తొడిగినందుకు పెద్ద పట్టా దక్కక, తక్కువ స్థాయి ఎల్ఎంఎస్‌తో బయటికి వచ్చారు. తరవాత అమెరికా వెళ్లారు. 1940లలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, దానికి ఎదురు పనిచేసే మందులనూ తయారుచేసింది. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. మీరు వేసుకునే మాత్ర, దాని తోడుగా వేసుకునే ఫోలిక్ ఆమ్లం మాత్ర, రెండూ ఒకే తెలుగువాడి బృందం చేతుల మీదుగా వచ్చాయి. ఆయన 1948లో, యాభై మూడేళ్లకే పోయారు. ఈ మందు ఎన్ని కళ్లకు పనికివస్తుందో ఆయన చూడలేదు.

మా ఆవిడ నాలుగేళ్లుగా వేసుకుంటోంది. ఆదివారం రాత్రి నేనే నీళ్లు అందిస్తాను.

ముగ్గులమ్మాయి · మార్చి 8, రాత్రి 9.05

ఈ రోజు ఆదివారం. వేసుకున్నాను. మా వారు నీళ్లు అందించారు.

కొరుక్కుపేట_చిన్నోడు · ఏప్రిల్ 19, సాయంత్రం 5.10

నాకు కొత్తగా ఈ జబ్బు అన్నారు, ఇరవై నాలుగేళ్లు. పైనుంచి అంతా చదివి భయపడిపోయాను. అందరికీ ఇవన్నీ వస్తాయా?

సంధ్యారాగం · ఏప్రిల్ 19, సాయంత్రం 6.00

అందరికీ అన్నీ రావు, తమ్ముడూ. ముందు భాగంలో ఒకటి రెండుసార్లు వచ్చి, సరిగా మందు వాడాక ఏ నష్టమూ లేకుండా ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లు ఇలాంటి చోట్లకు వచ్చి రాయరు కనుక నీకు కనిపించరు. నీ వాపు ఏ భాగంలో ఉందో, కారణం తెలిసిందో లేదో, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారో ఈ మూడూ కాగితం మీద రాయించుకో. రమ్మన్న రోజున కన్ను ఎంత బాగున్నా వెళ్లు.

గూడూరు_పాసింజరు · ఏప్రిల్ 19, రాత్రి 10.15

చీటీ లేకుండా చుక్కలు కొనకు బాబూ. అంతే నేను చెప్పేది.

ముగ్గులమ్మాయి · జూన్ 21, రాత్రి 8.40

ఆరు నెలలు కావస్తోంది. గుళిక ప్రభావం అయిపోయే సమయం అని భయపడుతూ వెళ్లాను. 291 మైక్రాన్లు. నీరు తిరిగి రాలేదు. చూపు 6/12. మెథోట్రెక్సేట్ పట్టినట్టే ఉందన్నారు. ఆదివారం రాత్రి, సోమవారం పొద్దున కాస్త వికారంగా ఉంటుంది, మజ్జిగ తాగి పడుకుంటాను. ఒత్తిడి చుక్కలు రెండింటిలో ఒకటి ఆపారు. మూడు నెలలు ఇలాగే నిలకడగా ఉంటే శుక్లం గురించి ఆలోచిద్దామన్నారు. ఇంకా మిగిలిన మసక శుక్లంవల్ల ఎంతో, నీరు నిలిచిన నెలల్లో రెటీనాకు జరిగిన నష్టంవల్ల ఎంతో అది తీసేవరకు తేలదట. పూర్తిగా పాత చూపు రాకపోవచ్చని నెమ్మదిగా చెప్పారు. ఆ ఏడు నెలలు నేను వెళ్లి ఉంటే అన్న మాట నా నోటి దాకా వచ్చింది. అడగలేదు.

గళ్ల కాగితం బీరువా తలుపు మీద అంటించాను. రోజూ తల దువ్వుకునేటప్పుడు ఒక్కో కన్నూ మూసి చూస్తాను. వాకిట్లో ఆదివారాలు పదిహేను చుక్కలే పెడుతున్నాను, అదే ముగ్గు, సందు చుక్క. చుక్కలన్నీ ఉన్నాయి. నడిమి వరుసలో ఎడమ నుంచి ఏడో చుక్క దగ్గర గీత ఇంకా కొద్దిగా కిందికి దిగుతోంది.

వేళచేరి_నాన్న · జూన్ 21, రాత్రి 9.02

అక్కా, పాప మీ ముగ్గు బొమ్మ చూస్తానంటోంది. పెద్దగా తీసి పెట్టగలరా? కుడి కంటితో చుక్కలు లెక్కపెడుతుందట.